రుక్మాబాయి ఒక్క రాత్రి సెలవు

బహదూర్‌పురాలో జూ గోడకు దగ్గర సందుల్లో రుక్మాబాయి బర్రెల కొట్టం ఎక్కడని అడిగితే ఎవరూ చెయ్యి చూపించరు. ముక్కు చూపిస్తారు. వాసన పట్టుకుని పోతే చాలు, దారి అదే దొరుకుతుంది.

ఆ కొట్టంలో నాలుగు బర్రెలు. మూడింటికి ఎవరు పాలు పిండినా ఒకటే. నెమరు వేసుకుంటూ నిలబడి, ఇవ్వాల్సింది ఇచ్చేస్తాయి. నాలుగోది బిజిలీ, అంటే కరెంటు. సందు మొత్తం కరెంటు పోయిన రాత్రి పుట్టిందని ఆ పేరు పెట్టారు. దానికి రుక్మాబాయి చెయ్యి తప్ప ఇంకో చెయ్యి గిట్టదు. వేరేవాళ్లు పొదుగు ముట్టుకుంటే పాలు చేపదు, పైకి బిగపట్టుకుంటుంది. అంతటితో ఊరుకోదు, వెనక కాలితో బకెట్టును సందు దాకా సాగనంపుతుంది. రుక్మాబాయి భర్త గోవర్ధన్ రెండుసార్లు ప్రయత్నించాడు. మూడోసారికి ఆయన మోకాలు ఒప్పుకోలేదు.

అందుకని రుక్మాబాయి ఎక్కడికీ పోయేది కాదు. పెళ్లికి పోతే తలంబ్రాలు పడకముందే లేచేది. "మా బిజిలీ నేను లేకుంటే గడ్డి గూడ ముట్టది తల్లీ" అని నిట్టూరుస్తూ ఆటో ఎక్కేది. ఆ నిట్టూర్పులో బాధ ఎంతుందో గొప్ప అంతకన్నా ఎక్కువే ఉండేది. కార్వాన్‌లో ఉన్న సొంత చెల్లెలు ఒకసారి, "నీకు బర్రె పాలిస్తున్నదా, నువ్వు బర్రెకు పాలిస్తున్నవా అక్కా?" అని అడిగేసింది. ఆ తర్వాత ఒక నెల మాటల్లేవు.

వీటన్నిటిలో ఎక్కువ నష్టపోయింది మనవరాలు సోనీ. ఐదో తరగతి పిల్ల. బడి వార్షికోత్సవంలో డాన్స్ చేస్తూ స్టేజీ మీద నుంచి నానమ్మ కోసం చూస్తే కుర్చీ ఖాళీగా ఉంది. పాలవేళ అయిందని నానమ్మ లేచి వెళ్లిపోయింది. సోనీ అక్కడే అడుగు తప్పింది. పక్క పిల్ల కాలు తొక్కింది. ఆ పిల్ల తిరిగి తొక్కింది. జనం అది కూడా డాన్సే అనుకుని చప్పట్లు కొట్టారు కానీ, సోనీ మాత్రం ఆ సంగతి మరిచిపోలేదు.

ఈ చలికాలం మీరాలం చెరువు పక్క పార్కులో పిల్లలకు ఒక రాత్రి క్యాంపు పెట్టారు. టెంటు వేసుకోవాలి, బయట వండుకు తినాలి, పొద్దున్నే పడవ ఎక్కాలి. పిల్లతోపాటు ఇంట్లోవాళ్లు ఒకరు రావాలి. సోనీ తండ్రికి బస్సు డ్యూటీ. తల్లి రూపకు ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ. తాతకు చలి పడదు. మిగిలింది నానమ్మ.

"ఈసారి గూడ బిజిలీ అన్నవనుకో, నేను నీతోని మాట్లాడ" అంది సోనీ. "పెద్దగైనంక గూడ మాట్లాడ. నా పెండ్లికి గూడ నిన్ను పిలువ."

"నీ పెండ్లికి నువ్వు పిలిస్తెనే వస్తనా? పిలువకున్నా వస్త" అని నవ్వింది రుక్మాబాయి. సోనీ నవ్వలేదు. పళ్లెం పక్కకు తోసి లేచిపోయింది.

గోవర్ధన్ మీసం దువ్వుకుంటూ ఆ పళ్లెం వైపు చూశాడు. భార్య వైపు తిరిగాడు.

"నీ చీర ఇచ్చి పో. నేను కట్టుకుంట."

పాల ఇళ్లలో ఇది కొత్త విద్య కాదు. పిండే మనిషి ఊరికి పోతే, ఆ మనిషి ఒంటి మీది బట్టలు వేసుకుని ఇంకొకరు కూర్చుంటారు. బర్రె ముఖం చూడదు, వాసన చూస్తుంది. కానీ దీపావళికి దున్నపోతులను ఊరేగించే సదర్ పండుగలో వాటి ముందు మీసం మెలేసి నడిచే గోవర్ధన్ ఇన్నేళ్లూ ఆ మాట చెవిన పడనిచ్చేవాడు కాదు. ఇవాళ తనంతట తానే అన్నాడు. రుక్మాబాయి కళ్లలో నీళ్లు తిరిగాయి. నవ్వు ఆపుకోవడం వల్ల.

క్యాంపు రోజు మధ్యాహ్నం చీర కోసం చూస్తే కొట్టం తలుపు వెనక మేకుకు లేదు. పాలు పిండే ఆకుపచ్చ చీర అది. ఎన్నడూ సబ్బు ముఖం చూడలేదు. డాబా మీద తీగకు వేలాడుతూ, మల్లెపూల వాసన వెదజల్లుతూ కనిపించింది.

"అత్తమ్మా, నువ్వు నలుగురిలకు పోతున్నవు గదా అని నీ చీరలన్ని మిషన్ల ఏసిన" అంది రూప గర్వంగా. "ఇంకా తడిగ ఉన్నయి. అది మస్తు మురికి వోయింది."

"మురికి గాదే, అది నా అడ్రస్! గిప్పుడు బిజిలీ నన్ను యాడ దేవులాడాలె?"

ఇక మిగిలిన వాసన రుక్మాబాయి ఒంటి మీద ఉన్న చీరకే ఉంది. సాయంత్రం పాలు కాస్త ముందుగానే పిండేసి, అది విప్పి గోవర్ధన్‌కు ఇచ్చింది. మిగతావన్నీ తడి. అందుకని తాను కోడలి పంజాబీ డ్రెస్సు తొడుక్కుంది. జన్మలో మొదటిసారి. అద్దం ముందు నిలబడి కాళ్లు రెండూ వేరువేరుగా కనిపించేసరికి సిగ్గుపడి గభాల్న కూర్చుంది. సోనీ చున్నీ సర్ది, "మస్తున్నవ్ నానమ్మా, టీచర్ లెక్క ఉన్నవ్" అంది. రుక్మాబాయి టీచరులాగే సందు దాటింది. ఎవరైనా చూస్తున్నారేమోనని గోడ వైపే నడిచింది.

చెరువు కట్ట ఎక్కగానే ముందు చెరువును కాచే మైసమ్మకు ఒక కొబ్బరికాయ కొట్టింది. అమ్మ గట్టు మీద చెప్పకుండా పడుకోవడం ఆమెకు నచ్చలేదు. తర్వాత మెడలో ఈల వేసుకున్న అనురాగ్ అనే కుర్రాడు అందరినీ గుండ్రంగా కూర్చోబెట్టి, పేరు, ఖాళీ ఉన్నప్పుడు చేసే పని చెప్పమన్నాడు. ఒకాయన పాటలన్నాడు. ఒకావిడ మొక్కలంది. రుక్మాబాయి వంతు వచ్చింది.

"ఆంటీ, ఖాళీ ఉన్నప్పుడు మీరేం చేస్తారు?"

రుక్మాబాయి నిజంగానే ఆలోచించింది. "మా ఆయనను తిడ్త" అంది.

అందరూ పగలబడి నవ్వారు. మొక్కల ఆవిడ, "నేను కూడా అదే, బయటికి చెప్పలేదు" అంది.

టెంటు వేయడంలో మాత్రం రుక్మాబాయి పప్పులో కాలేసింది. తాడు చేతికి రాగానే చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. పొగరుబోతు బర్రెను గుంజకు కట్టినట్టు మేకులకు కట్టి పారేసింది. టెంటు ఒకవైపు నేలకు కరుచుకుపోయి, రెండోవైపు మూతి పైకెత్తింది. సరిచేద్దామని అనురాగ్ ముడి పట్టుకున్నాడు. గోళ్లతో లాగాడు, పళ్లతో లాగాడు. అది ఊడలేదు.

"ఇది ఎట్లా విప్పాలి ఆంటీ?"

"ఇప్పెటందుకు గాదు బిడ్డా కట్టేది" అంది రుక్మాబాయి. ఆ వంకర టెంటులోనే నానమ్మా మనవరాలూ తలలు పల్లంలో, కాళ్లు ఎత్తులో పెట్టుకుని పడుకోవాల్సి వచ్చింది.

అన్నాలు తింటుండగా జూలో సింహం గర్జించింది. క్యాంపు మొత్తం లేచి నిలబడింది. పాటల ఆయన చేతిలో పళ్లెంతో సహా కారెక్కేశాడు. రుక్మాబాయి పెరుగు కలుపుకుంటూ, "ఏం గాదు, అది మా ఇంటెనక సింహమే. దానికి గూడ అన్నం టైమైంది" అంది. సోనీ ఆ మాటను చుట్టుపక్కల పిల్లలందరికీ మోసుకుపోయి చెప్పింది. మా నానమ్మకు సింహం తెలుసు అని.

పడుకునే ముందు సోనీ తన చేతి మణికట్టుకు నానమ్మ చున్నీ కొంగు కట్టుకుంది.

"ఏందే ఇది?"

"నువ్వు ఉరుకుతవ్. నాకెర్క."

"ఉరుక. నీ మీద ఒట్టు. పొద్దుగాల పడవ ఎక్కినంకనే ఇల్లు."

ఒట్టు వేసేటప్పుడు రుక్మాబాయి మనసులో అబద్ధం లేదు. అబద్ధం తెల్లవారుజామున వచ్చింది. పాలవేళకు కళ్లు వాటంతటవే తెరుచుకున్నాయి. వేళ్లు వాటంతటవే ముడుచుకుంటూ విచ్చుకుంటూ ఉన్నాయి. బిజిలీ ఇప్పుడు లేచి ఉంటుంది. తల తిప్పి తలుపు వైపు చూస్తుంటుంది. గోవర్ధన్ మోకాలు! ఇల్లు ఎంత దూరం, నాలుగు అడుగులు. పిల్ల లేచేలోపు పోయి రావచ్చు. చున్నీని మెల్లగా మెడ నుంచి తీసి సంచీకి చుట్టింది. మనవరాలు కట్టుకున్న కొంగు ఇప్పుడు సంచీని కాపలా కాస్తోంది. రుక్మాబాయి టెంటు మూతిలోంచి పాకుతూ బయటపడి, కట్ట దిగి, పంజాబీ డ్రెస్సులో పరుగందుకుంది. కాళ్లకు చీర అడ్డం లేకపోతే మనిషి ఇంత వేగంగా పోగలదని ఆమెకు ఇన్నాళ్లూ తెలియదు.

కొట్టం గోడ పక్కన ఆగి తొంగి చూసింది.

లైటు కింద తన చీర కట్టుకుని, తల నిండా కొంగు కప్పుకుని గోవర్ధన్ బిజిలీ పక్కన కూర్చుని ఉన్నాడు. కొంగులోంచి మీసం రెండు కొసలు బయటికి వచ్చి ఉన్నాయి. అంతకన్నా వింత, ఆయన మాట్లాడుతున్నాడు. తన గొంతుతో కాదు, రుక్మాబాయి గొంతుతో.

"తిను తల్లీ, తిను. ఆ మనిషి ఇంకా లేవలే. రాత్రంతా గుర్రు వెడ్తడు, పొద్దుగాల చాయ్ అంటడు. నా బతుకంత గిట్లనే ఎల్లిపాయె బిజిలీ. మాట ఇనడు, మందులేసుకోడు, మీసానికి నూనె రాసుకుంటడు..."

రుక్మాబాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ప్రతి తెల్లవారుజామునా తాను బిజిలీ చెవిలో చెప్పుకునే మాటలే అవన్నీ. ఒక్క ముక్క పోలేదు. అంటే ఇన్నేళ్లూ ఈ మనిషి గుర్రు పెడుతూ నిద్రపోలేదు. గుర్రు పెడుతూ వింటున్నాడు.

ఇంతలో పాలకోసం వచ్చే అమరనాథ్, మూలింటి రిటైర్డు క్లర్కు, క్యాను ఊపుకుంటూ గేటు దగ్గరికి వచ్చాడు. గోడ పక్క చీకట్లో ఉన్న రుక్మాబాయిని చూడలేదు.

"క్యాంపుకు పోలేదా అక్కా? అదేంది, గొంతు గట్లయింది?"

"చెరువు గాలి వడలే" అన్నాడు గోవర్ధన్ తలెత్తకుండా. "పాలు గావాల్నంటే సప్పుడు జెయ్యకుండ ఆడ నిలవడు. రోజు లొల్లి నీతోని."

రోజూ వినే తిట్టే కాబట్టి అమరనాథ్ బుద్ధిగా నిలబడ్డాడు.

అప్పుడు వినిపించింది. బకెట్టులో సర్రుమని ఒక ధార. ఆగింది. మళ్లీ ఒకటి. బిజిలీ చేపింది.

రుక్మాబాయికి గుండె మీది బండ దిగినట్టయింది. దిగిన బండ వెంటనే కాలి మీద పడినట్టూ అయింది. అప్పుడే బిజిలీ తల తిప్పి గోడ వైపు చూసింది. ముట్టె ముందుకు చాచి గాలి పీల్చింది. రుక్మాబాయి కళ్లలోకి సూటిగా చూసింది. పంజాబీ డ్రెస్సు, మల్లెపూల సబ్బు. ఎవరో టీచరు అనుకుందేమో, తల తిప్పేసుకుని దాణాలో మూతి పెట్టింది.

"దొంగ మొఖందానా" అనబోయింది రుక్మాబాయి. మాట నాలుక చివరి దాకా వచ్చింది. ఒక్కసారి "బిజిలీ" అని పిలిస్తే చాలు. గొంతు పోల్చుకుంటుంది, పాలు పైకి బిగపడుతుంది, గోవర్ధన్ బకెట్టు సందులో పడుతుంది. ఇక ఎప్పటికీ తాను తప్ప వేరే దిక్కు ఉండదు. రేపు గానీ, ఎల్లుండి గానీ, సోనీ పెళ్లికి గానీ.

ధార పడుతూనే ఉంది. మాటను మింగేసింది. ఒక్కో అడుగే వెనక్కి వేసి, సందు మలుపు తిరిగాక పరుగు తీసింది.

టెంటు ముందు సోనీ నిలబడి ఉంది. చేతికి చున్నీ, చున్నీకి సంచీ వేలాడుతున్నాయి.

"యాడికి వోయినవ్?"

"బాత్రూంకు..."

"నానమ్మా."

రుక్మాబాయి కట్ట మీద కూలబడింది. "పోయిన బిడ్డా. నీ మీద ఒట్టు వెట్టి పోయిన. పోతే ఏమాయె? గా బర్రె నన్ను గుర్తు వట్టలే."

సోనీ మొదట ముఖం ముడుచుకునే ఉంది. "బిజిలీ? నిన్నా?"

"నన్నే. ఎవరో అడ్రస్ అడగనీకి వచ్చిన దాని లెక్క సూసింది. మీ తాత చీర కట్టుకొని కూసుంటే ఆయనను మాత్రం నేననుకున్నది."

"మీసం గూడ చూళ్లేదా?"

"నా మొఖానికి మీసాలున్నా దానికి ఫికర్ లేదన్నట్టే గదా!"

ఇక సోనీ వల్ల కాలేదు. నవ్వి నవ్వి గడ్డి మీద పడింది. లేచి మళ్లీ పడింది. రుక్మాబాయి కూడా ముందు పళ్లు బిగించి, తర్వాత వదిలేసి, కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. తుడుచుకున్న నీళ్లలో ఏవి దేనివో ఆమే చూసుకోలేదు.

"మళ్ల ఎన్నడన్న ఒట్టు వెట్టి ఉరికితివా..." అని వేలు చూపించింది సోనీ.

"ఉరుక. ఉరికినా నన్నెవరు గుర్తు వడ్తరు?"

తొక్కుడు పడవలో ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. అనురాగ్ ఇచ్చిన నారింజ రంగు జాకెట్టు రుక్మాబాయి మెడ దాకా వచ్చింది. ఒడ్డు వదిలినప్పుడు మైసమ్మను, సోనీ భుజాన్ని ఒకేసారి పట్టుకుంది. కాసేపటికి కాళ్లకు వాటం దొరికింది. చెరువు నడుమ ఉండగా ఫోను మోగింది.

"రుక్మా, పాలు వడ్డయి!" గోవర్ధన్ గొంతు ఇంకా సగం ఆడగొంతులోనే ఉంది. "నా చేతుల్ల వడ్డయి! ఒక్క తన్ను తన్నలే!"

"అట్లనా. మంచిగైంది" అంది రుక్మాబాయి, తెలియనట్టు. పడవ రెండు తొక్కులు తొక్కి, "ఎంతిచ్చింది?" అని అడిగింది.

అవతల గొంతు కొంచెం తగ్గింది. "నీకిచ్చినంత ఇయ్యలే. జర తక్కువిచ్చింది."

రుక్మాబాయి ముఖం చెరువంత అయింది. "ఇస్తది తియ్, మెల్లగ అలవాటైతది" అంది పెద్దమనసుతో. "మీసానికి నూనె తక్కువ రాయి. ఆ వాసన దానికి గిట్టది."

ఫోను పెట్టేసింది. సోనీ ఒక్క క్షణం నానమ్మ ముఖం చూసి, ముందుగానే మనసు గట్టి చేసుకుని అడిగింది.

"ఇగ ఇంటికి పోదామా?"

"గప్పుడే ఏందే?" అంది రుక్మాబాయి, కాళ్లు జోరుగా ఆడిస్తూ. "గా అవతలి ఒడ్డుకు ఏమున్నదో సూసొద్దాం. నువ్వు గూడ జర తొక్కు, అంత నా మీదనే ఏస్తున్నవ్."