తువ్వాలు కింద ఓట్లు

మొన్న ఆదివారం పొద్దున కాఫీ గ్లాసు చేతిలో ఉండగానే ఫోన్ మోగింది. మా నలుగురు స్నేహితుల వాట్సాప్ గ్రూపులో బాపట్ల మిత్రుడు ఓటింగు పెట్టాడు. 'మనందరికీ బాగా నచ్చిన ఆల్బమ్ ఏది?' అని ప్రశ్న, కింద ఐదు సినిమాల పేర్లు. బ్యాంకులో పనిచేసి ఈ మధ్యనే రిటైరైన మనిషి, పొద్దుపోక ఇలాంటివి చేస్తుంటాడు. నచ్చిన పేరు మీద వేలితో తాకితే ఓటు పడిపోతుంది. సరదాగా తాకబోయి ఆగాను. ఎవరు దేనికి వేశారో పేర్లతో సహా అందరికీ కనిపిస్తోంది. "ఏంటండీ, కాఫీ చల్లారిపోతుంది" అంది మా ఆవిడ. "ఏం లేదు, పాటల గొడవ" అన్నాను. ఏం లేకపోవడమేమిటి! మా ఓటింగు ఎప్పుడూ ఇలా బహిరంగంగా జరిగేది కాదు, తువ్వాలు కింద జరిగేది. ఆ తువ్వాలు కింద నేను చేసిన పని ముప్పై ఏళ్ల పైచిలుకుగా నన్ను లోలోపల తినేస్తూనే ఉంది.

మా నాన్నది దుగ్గిరాల పసుపు యార్డులో వ్యాపారం. ఆయన కాలంలో పెద్ద బేరాలు పైకి మాట్లాడుకునేవారు కాదు. ఇద్దరూ చేతుల మీద తువ్వాలు కప్పుకుని, లోపల ఒకరి వేళ్లొకరు పట్టుకుని ధర చెప్పుకునేవారు. పక్కన నిలబడ్డవాడికి ముఖాలు తప్ప ఏమీ కనిపించేది కాదు. ఆ విద్యను నేను మా పాటల సభకు తీసుకొచ్చాను. మేం బాపట్లలో కలిసి చదువుకున్నవాళ్లం: తెనాలి నుంచి నేను, నందివెలుగు నుంచి మా మేనత్త కొడుకు (మా బావ), బాపట్ల మిత్రుడు, రేపల్లె మిత్రుడు. చదువులయ్యాక కూడా నెలకో ఆదివారం సూర్యలంకలో కలిసి, సరుగుడు తోటలో చాప పరుచుకుని టేప్ రికార్డర్లో రెండు కొత్త క్యాసెట్లు వినేవాళ్లం. ఏది గొప్పదో తేల్చడానికి మొదట్లో చేతులెత్తేవాళ్లం. ఒకసారి ఎవరో 'డ్యూయెట్' సినిమా పాటల్ని తక్కువ చేశారని మా బావకూ బాపట్ల మిత్రుడికీ మాటా మాటా పెరిగి, మూడు నెలలు పలకరింపుల్లేవు. అందుకని తువ్వాలు. మొదటి క్యాసెట్టు నచ్చినవాడు నా వేలు ఒకటి పట్టుకోవాలి, రెండోది నచ్చినవాడు రెండు వేళ్లు. ఫలితం నేను చెప్పాలి. ఎవరు ఎటు వేశారన్నది ఇక జన్మలో అడగకూడదు, చెప్పకూడదు. ఇంకే విషయంలోనూ మాట మీద నిలబడని మా వాళ్లు ఈ ఒక్కదాన్ని మాత్రం ప్రాణంగా పాటించారు.

రేపల్లె మిత్రుడు హార్మోనియం వాయించేవాడు. ఒక వేసవిలో మాకెవరికీ చెప్పకుండా ఆరు పాటలు రాసి, బాణీలు కట్టి, విజయవాడలో ఎవరిచేతో పాడించి క్యాసెట్టు చేయించాడు. మద్రాసులో ఒక సంగీత దర్శకుడి దగ్గర సహాయకుడిగా చేరే అవకాశం వచ్చింది. అదే సమయానికి వాళ్ల నాన్న ఊళ్లోనే ఒక స్కూల్లో గుమాస్తా ఉద్యోగం మాట్లాడిపెట్టాడు. క్యాసెట్టు సంగతి నా ఒక్కడికే చెప్పాడు. "నాదని చెబితే మొహమాటానికి బాగుందంటారు. తెలియకుండా వింటేనే నిజం బయటపడుద్ది. ఈ ఆదివారం దీన్ని పోటీలో పెడతా. నేను ఓటు వెయ్యను, మీ ముగ్గురే వెయ్యండి. గెలిస్తే మద్రాసు, ఓడితే స్కూలు" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గాని క్యాసెట్టును చేతిలోంచి కింద పెట్టలేదు. ఆ మధ్యాహ్నం వాళ్లింట్లో మజ్జిగ గ్లాసు అందిస్తూ వాళ్లమ్మ, "వాడు నీ మాట వింటాడు నాయనా. ఉన్న ఉద్యోగం కాలదన్నుకోవద్దని నువ్వైనా చెప్పు" అంది. తలూపాను. అప్పటికి నా మనసులో ఏ దురుద్దేశమూ లేదు.

ఆదివారం ముందుగా ఆ సీజనంతా ఊరూరా మోగిపోతున్న సినిమా క్యాసెట్టు విన్నాం. తర్వాత ఇది. షాపులో చవగ్గా దొరికిందని చెప్పి పెట్టాడు. రెండో పాట దగ్గర మా బావ జంతికలు నమలడం ఆపాడు. నాలుగో పాట అయ్యేసరికి బాపట్ల మిత్రుడు కళ్లు మూసుకుని పడుకున్నాడు, కాలి బొటనవేలు మాత్రం తాళం వేస్తోంది. అంతవరకూ రేపల్లె మిత్రుడు మద్రాసు వెళ్తాడని నేను నమ్మలేదు. ఆ పాటలు విన్నాక నమ్మాను. గాలికి తువ్వాలు నిలవడం లేదు, రెండు కొసలూ మోకాళ్ల కింద నొక్కిపెట్టాను. బాపట్ల మిత్రుడు చెయ్యి పెట్టి నా రెండు వేళ్లూ గట్టిగా పట్టుకున్నాడు. మా బావ ఒక వేలు పట్టుకున్నాడు, వదిలాడు. ఏదో ఆలోచించాడు. రెండు వేళ్లు పట్టుకున్నాడు. రేపల్లె మిత్రుడు మాకు వీపు పెట్టి, సముద్రం వైపు తిరిగి, క్యాసెట్టు చక్రంలో పెన్సిల్ దూర్చి తిప్పుతున్నాడు. "చెప్పరా" అన్నాడు, పెన్సిల్ ఆపి.

"సినిమాకి రెండు. దీనికి ఒకటి."

అంతే. బాపట్ల మిత్రుడు ఆ ఒక్క ఓటూ తనదే అనుకున్నాడు. మా బావ తనదే అనుకున్నాడు. సినిమాకి వేసింది నేనూ రెండోవాడూ అని ఇద్దరి లెక్క. అడగకూడదన్న నియమం ఉండనే ఉంది. అబద్ధం ఎక్కడా అతుకు కనిపించకుండా అతుక్కుపోయింది. రేపల్లె మిత్రుడు క్యాసెట్టును పెట్టెలో పెట్టి జేబులో వేసుకున్నాడు. "ఒకటన్నా పడింది" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. తర్వాత చాలా ఏళ్లు, వాళ్లమ్మ అడిగిందని చేశానని నాకు నేను చెప్పుకున్నాను. అది నిజం కాదు. వాడు వెళ్లిపోతే నేను ఒంటరివాణ్ణవుతానని భయపడ్డాను. వాడు స్కూల్లో చేరాడు, అక్కడే తల నెరిసింది. ఆ తర్వాత వాడు హార్మోనియం ముట్టుకోగా నేను చూడలేదు.

మొన్న ఆదివారానికి వస్తాను. నేను ఓటు వెయ్యాలా వద్దా అని తటపటాయిస్తుండగానే రేపల్లె మిత్రుడు ఒక పాట పంపాడు. కింద ఇలా రాశాడు: 'మీ లిస్టులో లేనిది ఇంకోటుంది. సూర్యలంకలో విన్నాం, గుర్తుందా? అవి నేను కట్టిన పాటలేరా. మా కోడలు ఫోన్లోకి ఎక్కించింది.' బాపట్ల మిత్రుడు వెంటనే, 'నీవా! ఒరేయ్, ఆ రోజు ఆ ఒక్క ఓటూ నాదేరా' అని రాశాడు. నిమిషం తిరక్కుండా మా బావ, 'అబద్ధాలాడొద్దు, ఆ ఓటు నాది' అన్నాడు. నియమం తప్పారు ఇద్దరూ. నాది నాదని పది మెసేజీలు కొట్టుకున్నారు. ఉన్నట్టుండి ఇద్దరూ ఆగిపోయారు. ఇద్దరూ దానికే వేస్తే ఒక్క ఓటెలా అయిందన్న లెక్క ఒక్కసారే తట్టినట్టుంది. కాసేపటికి రేపల్లె మిత్రుడి దగ్గర్నుంచి నాకు విడిగా ఒక ముక్క వచ్చింది. 'రేపు పొద్దున బండికి వస్తున్నా. స్టేషన్లో ఉండు.'

తెనాలి స్టేషన్లో అరగంట ముందే నిలబడ్డాను. వాడు భుజాన తువ్వాలుతో దిగాడు, బెంచీ మీద కూర్చున్నాడు. "మీ అమ్మ ఆ రోజు..." అని మొదలుపెట్టాను. "అమ్మ పేరెత్తొద్దు" అన్నాడు. అప్పుడు చెప్పాను, భయపడి చేశానని, నువ్వు వెళ్లిపోతావనే చేశానని. వాడు అంతా విన్నాడు. తర్వాత, "వాళ్లిద్దరి ఓట్లూ నువ్వు తీసుకున్నావు. నీ ఓటు ఎవరూ తీసుకోలేదు. నా పాటలు నీకు నచ్చినయ్యా లేదా? అదొక్కటి తెలుసుకుందామని వచ్చా" అని భుజం మీది తువ్వాలు తీసి మా ఇద్దరి చేతుల మీదా కప్పాడు. లోపల వాడి రెండు వేళ్లూ పట్టుకున్నాను. వాడు క్షమించాననలేదు, చెయ్యి వెనక్కి తీసుకోనూ లేదు. రేపల్లె నుంచి తెనాలికి గంట ప్రయాణం. ఆ రెండు వేళ్లు పట్టుకోవడానికి నాకు ముప్పై ఏళ్లు పట్టింది.