చందాపుర వేలంలో పొడుగు కారు

"కారంటే నలుగురు కూర్చునేది. వెనక అంత పొడుగెందుకప్పా? శవాన్ని పండబెట్టుకొని పోయేదానికా?"

"అమ్మా, ముందు నోరు కడుక్కో. అది ఎస్టేట్ కారు. వెనక సామాను పెట్టుకుంటారు."

"ఎస్టేటంటే చిక్కమగళూరులో ఉండాది, కాఫీ తోట. దానికి పెట్టు దుడ్డు, నేను అడ్డం రాను. ఇది ఇనుము."

"ఇనుమే. ముప్పై ఏండ్లుగా మనం తింటాండేది ఆ ఇనుము కూడే గదా."

"తినేది సరే. నీ నడుము సంగతేంది? లిఫ్టుకని దాచిన దుడ్డు దీనికి పోస్తావా?"

"లిఫ్టు ఎప్పుడైనా దొరుకుతాది. ఆ బండి మళ్లీ దొరకదు. నువ్వు ఎంతన్నా అరుచుకో, రేపు నేను పాటకు పోతాండా."

యలహంకలో మా ఇంట్లో, వేలానికి ముందురోజు సాయంత్రం, అన్నం పళ్లేల ముందు నాకూ నా కొడుక్కూ జరిగిన మాటలివి. వాడికి యాభై ఒక్క ఏళ్లు. యలహంక పాత ఊళ్లోనే కార్లు బాగుచేసే షెడ్డు పెట్టుకున్నాడు. కోడలు గరిటె పట్టుకొని నిలబడి, ఎవరి పక్షాన మాట్లాడాలో తెలియక ఇద్దరికీ ఇంకో గరిటె పులుసు పోసింది.

బండ్ల కింద అట్టముక్క పరుచుకొని పడుకొని పనిచేసి చేసి వాడి నడుము పట్టేసింది. పొద్దున మంచం మీది నుంచి ఒక్కసారిగా లేవలేడు. ముందు పక్కకు దొర్లి, పట్టె పట్టుకొని, ఆ తర్వాత లేస్తాడు. బండిని పైకెత్తే లిఫ్టు ఉంటే నిలబడి పనిచేసుకోవచ్చు. దానికని నాలుగేళ్లుగా పట్టుబట్టి దాచిపెట్టించింది నేనే. పండక్కి కొత్త బట్టలు కూడా కుట్టించలేదు. అలాంటి డబ్బు మీద వాడు చెయ్యి వేస్తే నేను ఊరుకునే మనిషిని కాదు.

ఆ కారు కథ వాడు అన్నం తింటూ తింటూ చెప్పాడు. విదేశపు కంపెనీది. పైకి పెళ్లాం పిల్లలతో ఊరికి పోయే బండిలాగా సంసారపక్షంగా కనబడుతుందట, ఇంజిన్ మాత్రం పందేలకు పోయే కార్లదట. మన దేశానికి వచ్చినవే కొన్ని. వాడికి తెలిసి బెంగళూరులో రెండే ఉండేవి, అందులో ఒకటి గుద్దుకొని నుజ్జయింది. రెండోది ఒక ముసలి డాక్టరుది. నా కొడుకు ఆ కంపెనీ వర్క్‌షాపులో జీతానికి ఉన్న రోజుల్లో, వాడు డ్యూటీలో ఉన్నాడని తెలిస్తేనే డాక్టరు బండిని లోపలికి ఇచ్చేవాడట. పని అయిపోయాక తెల్లారుజామున విమానాశ్రయం రోడ్డు మీద నడిపి చూసేది కూడా వీడే. ఆయన చూపు తగ్గి అమ్మేస్తే, కొన్నవాడు అప్పు కట్టలేదు. బ్యాంకు వాళ్లు లాక్కుపోయి యార్డులో పడేశారు. ఫోనులో వేలం జాబితా చూస్తుంటే దాని ఫోటో కనబడింది.

"నంబరు చూడకముందే తెలిసిపోయె మా, అది నా బండని."

"నీదెట్లయితాది? డాక్టరుది."

"ఆయప్ప నడిపినాడు. బండి నాది."

చిన్నప్పుడు కూడా ఫలానాది కావాలని ఏడ్చిన పిల్లవాడు కాదు వాడు. అన్న చొక్కా ఇస్తే తొడుక్కున్నాడు. బడి మాన్పించి మెకానిక్కు దగ్గర పెడితే మరుమాట లేకుండా పోయాడు. పిల్లను చూపిస్తే తలూపాడు. అటువంటివాడు యాభై ఒకటో ఏట ఒక వస్తువును పట్టుకొని నాది అంటున్నాడు. వాడు దేనికోసమైనా ఇంతగా ఆశపడటం నేను చూడలేదు.

"సరే పో," అన్నాను. "నేనూ వస్తా. ఐదు లక్షల లోపల వస్తే తీసుకో. దాటిందా, ఆపేస్తా."

"అంతమందిలో ఎట్ల ఆపుతావు?"

"మీ నాయన్ను ఎట్ల ఆపితినో అట్లే."

వాడికి వెంటనే అర్థమైంది. నవ్వాడు కూడా.

మాది సీమ. పెళ్లయిన కొత్తలో బెంగళూరు వచ్చి చింతపండు వ్యాపారం చేశాం. మా వైపు పంచాయతీల వాళ్లు రోడ్డు పక్క చింతచెట్ల కాపును ఏటా వేలం వేస్తారు. కాయ చెట్టు మీద ఉండగానే ఎంత దిగుతుందో కంటితో అంచనా కట్టి పాడాలి. మా ఆయన కన్ను మంచిదే, నోరే ఆగదు. ఎదుటివాడు పెంచేకొద్దీ రోషం వచ్చేస్తుంది. అందుకని మేమిద్దరం ఒక కట్టు పెట్టుకున్నాం. నేను దూరంగా ఆడవాళ్లలో పరాయిదానిలా నిలబడతాను. నా కొంగు తల మీదికి వచ్చిందంటే ఆయన చెయ్యి దించేయాలి. నలుగురిలో పెళ్లాం మాటకు ఆగాడన్న పేరు రాకుండా ఆయనా, నష్టం రాకుండా నేనూ ఇరవై ఏళ్లు అట్లాగే నెట్టుకొచ్చాం. ఇంకొకటి, కావాల్సిన చెట్టు వైపు తేరిపార చూడకూడదు. చూశామా, పక్కవాడు కనిపెట్టి ఊరికే పెంచుతాడు. ఇదంతా నా కొడుకు నా చంకన కూర్చొని చూసిందే.

మరునాడు రెండు బస్సులు మారి చందాపుర చేరాం. అక్కడి నుంచి యార్డుకు ఆటో పిలుస్తానన్నాడు. కాళ్లున్నాయి కదా అన్నాను. గేటు దగ్గర కాపలా అతను సంచులు లోపలికి వద్దన్నాడు. చిత్రాన్నం డబ్బా, నీళ్ల సీసా, గొడుగు ఉన్న నా సంచి అక్కడే పెట్టించుకొని చీటీ ఇచ్చాడు. నా కొడుకు ముందే డిపాజిట్ కట్టి ఉన్నాడు కాబట్టి నంబరు రాసిన అట్ట చేతికిచ్చారు.

లోపల ఒక పెద్ద మైదానం. చెట్టన్నది లేదు. ఆటోలు, లారీలు, స్కూలు వ్యాన్లు, కార్లు వరసలు వరసలుగా దుమ్ము కప్పుకొని ఉన్నాయి. ఇంజిన్ స్టార్ట్ చేసి చూపరు, నడిపి చూడనివ్వరు. ఇంజిన్ మీది మూత ఎత్తి చూసుకోవచ్చు, అంతే. ఎట్లున్నది అట్లే తీసుకుపోవాలి. ఆ పద్ధతి నాకు కొత్తగా అనిపించలేదు.

కారును చూశాను. నేలకు ఆనినట్టు తగ్గుగా నిలబడి ఉంది. ఒక టైరులో గాలి లేదు, పైన పక్షుల రెట్ట. అయినా మూతి నుంచి తోక దాకా ఎక్కడా వంకర లేదు. ఒకే గీత గీసినట్టు ఉంది. శవాల బండి అన్నందుకు కొంచెం సిగ్గేసింది.

బండి వైపు చూడొద్దని వాడికి పొద్దున్నే చెప్పి ఉంచాను. వాడు బుద్ధిగా పక్కనున్న స్కూలు వ్యాను వైపు చూస్తూ నిలబడ్డాడు. కానీ వాడి చెయ్యి ఆ కారు పైకప్పు మీద ఉంది. చూడొద్దన్నాను గాని తాకొద్దని చెప్పలేదు.

మైకు పట్టుకున్నతను ఒక్కొక్క బండి దగ్గరికే నడిచి వస్తుంటే జనం వెనకే కదిలారు. ఈ కారు దగ్గరికి వచ్చేసరికి పన్నెండు దాటింది. మూడు లక్షల దగ్గర మొదలైంది. ఇనుప సామాను వాళ్లు ఇద్దరు మూడున్నర దాకా వచ్చి, "సాకు, సాకు" అని కన్నడంలో చాలనేసి తప్పుకున్నారు. ఆ తర్వాత పాట నా కొడుక్కీ, కళ్లద్దాలు పెట్టుకున్న ఒక కుర్రవాడికీ మధ్య పడింది. పదేసి వేలు పెంచుతున్నారు. నా కొడుకు అట్ట ఎత్తిన ప్రతిసారీ ఒకసారి నా వైపు చూస్తాడు. నేను రాయిలా నిలబడి ఉన్నాను. నాలుగు నలభై, నాలుగు యాభై. మావాడు నాలుగు అరవై అన్నాడు. కుర్రవాడు కొంచెం ఆగి, నాలుగు డెబ్బై అన్నాడు.

కాళ్ల కింద కంకర కాలుతోంది. నడినెత్తిన ఎండ సుర్రుమంటే కొంగు లాగి తల మీద వేసుకున్నాను. అంతే. బస్టాండులో, రేషను వరసలో రోజూ చేసే పని. చెయ్యి తనంతట తానే చేసేసింది.

వాడు అట్ట ఎత్తబోతూ నా వైపు చూశాడు. అట్ట కిందికి దిగింది.

నేను ఏం చేశానో నాకు తెలిసేసరికి వాడు మొహం తిప్పుకున్నాడు. కొంగు కిందికి లాగేశాను. అరవాలనుకున్నాను, గొంతు లేవలేదు. మైకులో మూడోసారి కూడా చెప్పేశారు. కారు నాలుగు డెబ్బైకి పోయింది.

కుర్రవాడు సంతోషం పట్టలేక నా కొడుకు దగ్గరికే వచ్చాడు. వైట్‌ఫీల్డ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగమట, మన తెలుగువాడే. "అంకుల్, సడన్‌గా ఎందుకు ఆపేశారు? నా లిమిట్ ఇంకో పదివేలే. మీరు ఇంకొక్కసారి చెయ్యెత్తి ఉంటే నేను డ్రాప్ అయిపోయేవాణ్ణి," అన్నాడు. ఆ పిల్లవాడికి తెలియదు పాపం. నేను నాలుగడుగుల దూరంలో ఉన్నాను.

"సార్, ఒకటి చెప్తా వినండి," అన్నాడు నా కొడుకు. "బ్యాటరీ తగిలించి ఇక్కడే స్టార్ట్ చేస్తామంటారు, చెయ్యనియ్యద్దండి. రెండేండ్లుగా నిలబడిపోయిన బండి. లోపల బెల్టు ఎండిపోయి ఉంటాది. మార్చకుండా తిప్పితే ఇంజిన్ మొత్తం పోతాది. తాడు కట్టి లాగొద్దు, లారీ మీద ఎక్కించుకొని పోండి."

కుర్రవాడు నా కొడుకు ఫోన్ నంబరు రాసుకున్నాడు.

తిరుగు బస్సులో కిటికీ పక్క నన్ను కూర్చోబెట్టాడు. టికెట్లు తీసుకున్నాక అడిగాడు. "ఏం చూసినావు మా? కింద నూనె కారిందా? నాకేం కనబడలే."

"ఊఁ," అన్నాను. బయటికి చూస్తూ ఆ ఒక్క ముక్కే అన్నాను.

ఇంటికి వచ్చాక కోడలు ఏమైందని అడిగితే, "అమ్మ వద్దనె," అన్నాడు. "ఏదో చూసుంటాది. ఆమె కన్ను తప్పు పోదు."

నన్ను తిట్టి ఉంటే ఊరుకునేదాన్నేమో. ఆ మాట మాత్రం భరించలేకపోయాను.

"నేనేమీ చూడలేదురా. ఎండ తగిలి కప్పుకొంటిని," అన్నాను.

వాడు చెయ్యి కడుక్కుంటున్నవాడు ఆగిపోయాడు. "ఎండకా?"

"ఎండకే."

"బస్సులో అడిగితే ఊఁ అంటివే?"

"అంటిని."

"ఇంకో పదివేలే అనె ఆ పిల్లోడు. నీ ముందరే చెప్పె."

"వింటిని."

"ఒక్క అరుపు అరిస్తే ఏం పోయె మా? పుట్టినప్పటి నుంచి నా మింద అరుస్తానే ఉండావే! ఆ ఒక్క తూరి అరవలేకపోతివా?"

"లేకపోతిని."

కోడలు మధ్యలోకి వచ్చి, "పోనీలేబ్బా, ఎండలో ముసలామె," అంది.

"ఆమెది కాదు తప్పు," అన్నాడు వాడు. గొంతు తగ్గించాడు. అది అరుపుకంటే ఘోరంగా ఉంది. "యాభై ఒక్క ఏండ్లొచ్చి, చేతిలో అట్ట పెట్టుకొని అమ్మ కొంగు చూస్తా నిలబడితి చూడు, నాది తప్పు."

అన్నం ముట్టలేదు. లోపలికి పోయి పడుకున్నాడు. తప్పయిందిరా అని పిల్లల ముందు అన్న అలవాటు నాకు లేదు. జరిగింది జరిగినట్టు చెప్పాను, అంతకుమించి నాకు చేతకాలేదు.

పొద్దున వాడు నాతో మాట్లాడకుండా, ఏమీ తినకుండా షెడ్డుకు వెళ్లిపోయాడు. తొమ్మిదింటికి ఇడ్లీలు డబ్బాలో పెట్టుకొని నేనే పోయాను. షెడ్డు ముందు మోటారుసైకిలు ఉంది. లోపల కళ్లద్దాల కుర్రవాడు పాత టైరు మీద కూర్చొని ఉన్నాడు. ఫోన్ చేసి దారి అడిగి వచ్చాడట. కాగితాలు పూర్తయి బండి బయటికి రావడానికి నాలుగు రోజులు పడుతుందట.

నా కొడుకు ఎదురుగా స్టూలు మీద కూర్చొని ఏమేం మార్చాలో ఒక్కొక్కటే చెబుతుంటే కుర్రవాడు ఫోనులో రాసుకున్నాడు. ఆ ఇంజిన్ ఏ వేళకు ఏ చప్పుడు చేస్తుందో, వేడెక్కితే ఏం చేయాలో కూడా చెప్పాడు. అరగంట పట్టింది. లిఫ్టు లేకుండా ఎట్లా చేస్తారని కుర్రవాడు అడిగితే, ఇన్నాళ్లు చేసినట్టే అన్నాడు.

"లేబర్ ఎంత తీసుకుంటారు అంకుల్?"

"అందరికీ తీసుకున్నంతే. పని అయినాక ఒక తెల్లారిజామున నేనే నడిపి చూడాల. అట్లయితేనే ఒప్పుకుంటా."

"ష్యూర్ అంకుల్, మీరే నడపండి," అని కుర్రవాడు లేచి, నాకు నమస్కారం పెట్టి, హెల్మెట్ తగిలించుకొని పోయాడు.

నా కొడుకు జేసీ రోడ్డులో విడిభాగాలు అమ్మే వాళ్లకు ఫోన్ చేసి ఆ బెల్టు ఉందా అని అడిగాడు. చెన్నై నుంచి తెప్పించాలి, వారం పడుతుందన్నారట. తెప్పించమన్నాడు. ఫోన్ జేబులో పెట్టుకొని, నా చేతిలోని డబ్బా తీసుకొని, "చట్నీ తెచ్చినావా?" అని అడిగాడు. తెచ్చానన్నాను. వాడు తినేదాకా కూర్చొని, ఖాళీ డబ్బా తీసుకొని ఇంటికి వచ్చాను.