పొడుగు బ్యారెల్

ఈ ఉదయం చలిలో మా వీధిన పెళ్లి బ్యాండు వెళ్లింది. క్లారినెట్ శ్రుతి కాస్త దిగి ఉంది. ఎవరూ పట్టించుకోలేదు. నేను మాత్రం గుమ్మంలోకొచ్చి, బ్యాండు మలుపు తిరిగేదాకా విన్నాను. మా మాస్టారి బతుకుతెరువు పోగొట్టింది అంతమాత్రపు తేడాయే.

నాటకాల కంపెనీలో సుబ్బరామయ్య మాస్టారిది క్లారినెట్, ఆయన పక్కన నాది హార్మోనియం. నాకున్న స్వరజ్ఞానం ఆయన పెట్టిన భిక్ష. యుద్ధం రోజుల్లో ఒక వేసవిలో ఆయన క్లారినెట్ బ్యారెల్, అంటే మూతి ముక్క కింద ఉండే చిన్న గొట్టం, నిలువునా పగిలింది. సీమ సరుకు రావడం లేదు. బెజవాడంతా గాలిస్తే ఒక పాత వాద్యాల కొట్లో రెండు కనిపించాయి. హార్మోనియం రిక్షాలో వేసుకుని మిట్టమధ్యాహ్నం వెళ్లాం. పొట్టిది శ్రుతికి పైన పలికింది. కొంచెం బయటికి లాగితే సరిపోయింది గానీ నాదం రేకు డబ్బాలా ఉంది. పొడుగుది బిగించి ఊదగానే కొట్టాయన చేతిలో పని ఆపేశాడు. అంత నిండైన షడ్జమం నేనెప్పుడూ వినలేదు. నా హార్మోనియంతో అతికినట్టు కలిసింది.

"ఎండకి కలిసింది గానీ చలికాలం దిగిపోతుందేమోనండీ. పొట్టిదైతే లోపలికి నెట్టుకోవచ్చు," అన్నాను.

"పెదవితో ఎత్తుకుంటానోయ్. ఇన్నేళ్లూ చేసిందదేగా," అన్నారు.

పెదవి బిగించాలంటే పళ్ల ఆసరా కావాలి. ఆయన ముందుపళ్లు కదులుతున్నాయని ఇద్దరికీ తెలుసు. పొడుగుదే కొన్నాం.

మార్గశిరంలో దివిసీమలో కాలవ గట్టున నాటకం. ఆయన ఎంత బిగబట్టి ఊదినా శ్రుతి పైకి రాలేదు. హార్మోనియం గట్టిగా వాయించి కప్పబోయాను, తేడా ఇంకా బయటపడింది. జనం నవ్వారు.

"కొండపల్లి తీసుకెళ్లి ఆ బ్యారెల్ కాస్త కోయించి పొట్టి చేయించండి మాస్టారూ. లేకపోతే వేరే మనిషిని చూసుకోవాలి," అన్నాడు కంపెనీ యజమాని.

మాస్టారు బొమ్మలు చేసేవాళ్ల దాకా వెళ్లారు. కోయించడానికి మనసొప్పక తిరిగొచ్చేశారు. "కోస్తే ఆ నాదం మళ్లీ రాదోయ్," అన్నారు. ఆయన చోట్లో ఇంకొకాయన కూర్చున్నాడు. అతని పక్కనా నేనే వాయించాను. పొట్ట అలాంటిది.

మళ్లీ ఎండలు ముదిరాక చూడటానికి వెళ్లాను. మాస్టారు బాగా చిక్కిపోయారు. గదిలో ఒక్కరే కూర్చుని ఊదుతున్నారు.

"విన్నావా, కలిసింది," అన్నారు.

ఆ గదిలో ఇంకే వాద్యమూ లేదు. దేనితో కలిసిందని అడగలేకపోయాను. వానలు పడేసరికి ఆయన పోయారు.

ఇప్పటికీ వేసవి మధ్యాహ్నాలు హార్మోనియం తీసి షడ్జమం పట్టుకుని కూర్చుంటాను. నా పక్కన ఎవరూ ఎత్తుకోరు.