ప్రెసిడెంటు గారి వంతు అంబలి

మా సేవా క్లబ్బులో ఒక నియమం ఉంది: ముందు అన్నం, తర్వాతే మైకు. పట్టుబట్టి దాన్ని పెట్టించింది నేనే. సంతరోజున ఆస్పత్రి దగ్గర రోగుల బంధువులకు వడ్డించినా, వాగులు పొంగే నెలల్లో పై ఊళ్లకు బియ్యం మోసినా, అనాథ పిల్లల ఆశ్రమానికి సరుకులు పంపినా, అందరూ తిన్నాకే ఉపన్యాసాలు. "మేడమ్‌ది ఎంత మంచి మనసో" అంటారు తోటి సభ్యులు. మంచి మనసా, నా బొందా. అది పగ.

నాకు పదేళ్లప్పుడు వానలకు మా కొండ మెట్టు మీది పంటంతా కొట్టుకుపోయింది. మైదానం నుంచి ఒక క్లబ్బు వాళ్లు వ్యానులో బియ్యం తెచ్చారు. ఇంటికో సంచి. కానీ ముందు ప్రెసిడెంటు గారి కారు రావాలి, బ్యానరు కట్టాలి, ఆయన మాట్లాడాలి, ఫొటో తీసేటప్పుడు మేం నవ్వాలి. పొద్దున్న వరసలో నిలబెట్టిన వాళ్లని మధ్యాహ్నం దాకా కదలనివ్వలేదు. బియ్యం సంచులు మా కళ్ల ముందే ఉన్నాయి.

ఇంటికొచ్చిన మనిషికి మా వైపు ముందు అంబలి ఇస్తాం, ఏ పని మీద వచ్చావని తర్వాత అడుగుతాం. అందుకని ఆయన కారు దిగగానే మా అమ్మ వరసలోంచి తప్పించుకుని ఇంట్లోకి వెళ్లి, మిగిలిన ఆఖరి చోడిపిండితో అంబలి కాచింది. ఉప్పు సంతలో కొనాల్సిందే కాబట్టి చూసి చూసి వేసేది. ఆయనకని చిటికెడు ఎక్కువే వేసింది. నేను వేలు ముంచబోతే చెయ్యి మీద ఒక్కటిచ్చింది. ఎండిన ఆనపబుర్రలో పోసి, తీసుకెళ్లి ఆయన ముందు పట్టుకుంది.

"తాగు బాబూ, ఎండనపడి వచ్చినావు."

ఆయన బుర్రని రెండు వేళ్లతో పట్టుకుని ఫొటోకి నవ్వాడు. ఫొటో అయ్యాక డ్రైవరు చేతికిచ్చాడు. ఆ సాయంత్రం పుల్లలకి వెళితే ఘాట్ రోడ్డు మలుపులో, పొదల్లో, మా బుర్ర కనిపించింది. అంబలికి చీమలు పట్టాయి. మూతి దగ్గర కాస్త విరిగింది. తెచ్చి అమ్మకిచ్చాను. ఆవిడ కడిగి, దూలానికి తగిలించింది. నాకు మాత్రం కడుపు మండిపోయింది. ఇన్నేళ్లయినా ఆ మంట చల్లారలేదు, చల్లారాలని నేను కోరుకోనూ లేదు.

చదువుకుని టీచర్నయ్యాను. నలుగురైదుగురం టీచర్లం, కాఫీ రైతులం కలిసి ఇక్కడే క్లబ్బు పెట్టుకున్నాం. పోయిన ఎండాకాలం సంతలో అంబలి కేంద్రం తెరుస్తుంటే, మైదానంలోని పెద్ద క్లబ్బు నుంచి ఒకరిని ముఖ్య అతిథిగా పిలుద్దామన్నారు. ఫొటో చూపించారు. తల నెరిసింది గాని నవ్వు అదే. అందరికంటే ముందు సరేనన్నది నేనే.

"రేపు ఒక పెద్దమనిషికి అంబలి కావాలి, ఆ పాత బుర్రలో పోసియ్యి" అని అమ్మకి చెప్పాను. ఎవరికో చెప్పలేదు. ఆవిడా అడగలేదు.

మర్నాడు కారు దిగిన ఆయన్ని తీసుకెళ్లి వరస చివర నిలబెట్టాను. "మా దగ్గర అతిథిది ఆఖరి వంతండీ" అన్నాను చేతులు కట్టుకుని. ఆయన ముందు సంతకొచ్చిన వాళ్లు వందమంది దాకా ఉన్నారు. నెత్తిన ఎండ మాడిపోతోంది. ఆయన రుమాలుతో మెడ తుడుచుకుంటుంటే, పని లేకపోయినా రెండుసార్లు అటు వెళ్లి చూసొచ్చాను. చాలా హాయిగా అనిపించింది.

ఆయన వంతొచ్చాక అమ్మ పంపిన బుర్ర ఇచ్చాను. గటగటా తాగేశాడు. మైకు అందుకుని, "ఆహా, ఏం రుచండీ, ఇలాంటి అంబలి జన్మలో తాగలేదు" అన్నాడు. అంటూనే ఖాళీ బుర్రని, అటు చూడనైనా చూడకుండా, పక్కనున్న డ్రైవరు చేతిలో పెట్టాడు.

నేను డ్రైవరు దగ్గర బుర్ర తీసుకున్నాను. ఆయన దగ్గర మైకు తీసుకున్నాను. విరిగిన మూతి అందరికీ చూపించి, అందులో అంబలి ఎవరు కాచి పోశారో, ఎవరు తీసుకున్నారో, ఆ బుర్ర నాకు ఏ మలుపులో దొరికిందో చెప్పాను. గొంతు పెంచలేదు. సంత సంతంతా ఆయన వైపు తిరిగింది.

"నాకు జ్ఞాపకం లేదమ్మా" అన్నాడు ఆయన.

"మాకుందండీ" అన్నాను.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. శాలువా కప్పకముందే కారెక్కి వెళ్లిపోయాడు.

ఇంటికెళ్లేసరికి అమ్మ వాకిట్లో చోళ్లు చెరుగుతోంది. జరిగిందంతా చెప్పాను, రుచి మెచ్చుకున్నాడని కూడా.

"రుసిగుందన్నాడేటి?" అంది చేట ఆపి.

"మైకులో చెప్పాడు."

"అందుల నాను ఉప్పెయ్యలేదు."

"మర్చిపోయావా?"

"మరిసిపోలేదమ్మీ. నువ్వు ఆ బుర్రే కావాలన్నప్పుడే తెలిసింది" అని మళ్లీ చేట అందుకుంది. "ఆడికి మన ఉప్పెందుకు?"