చప్పుడు చేయని ఇంజన్

మా నాయన మా ఊరు యాడికిలో, చుట్టుపక్కల పల్లెల్లో నలభై ఏళ్లు ఆయిల్ ఇంజన్లు బాగు చేశాడు. స్క్రూడ్రైవర్ కొన ఇంజనుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, రోగం ఎక్కడుందో ఇట్టే చెప్పేసేవాడు. అలాంటి మనిషికి రెండేళ్ల కిందట చెవులు పోయాయి. చెవి మిషన్ కొనిస్తే, హోరు తప్ప ఇంకేమీ లేదని తీసి గూట్లో పడేశాడు. పని మానేశాడు, మాటలూ తగ్గించాడు. ఈ మార్చిలో ఒకరోజు తన పనిముట్ల పెట్టెను వాకిట్లోకి ఈడ్చుకొచ్చి, ఆదివారం ఎవరో మెకానిక్ వచ్చి పట్టుకుపోతాడని చెప్పాడు. నాకు ఏడుపూ వచ్చింది, కోపమూ వచ్చింది. అరిచి ఏం లాభం, వినపడదు కదా.

నా గోల నాకుంది. హైస్కూల్లో సైన్సు చెబుతాను. తొమ్మిదో తరగతి పిల్లల ముందు వేడిగాలి ఇంజన్ చేసి చూపిస్తానని కోతలు కోశాను. ఆవిరి బాయిలర్లు పేలి మనుషులు చస్తున్న రోజుల్లో, రెండు వందల ఏళ్ల కిందట, స్కాట్లండులో ఒక పాదిరి చేసిన ఇంజన్ అది. ఒకప్పుడు నీళ్లు తోడింది, కిరసనాయిలు దీపంతో పంకాలు తిప్పింది. కరెంటు మోటార్లు వచ్చాక మూలన పడింది. అద్దాలతో ఎండను పట్టి కూడా దీన్ని తిప్పవచ్చు. ఎండకు మా దగ్గరేం కొదవ!

నాది కూల్‌డ్రింక్ డబ్బా. లోపల గిన్నెలు తోమే స్టీలు పీచు ఉండ, పైన బెలూన్ రబ్బరు, సైకిల్ చువ్వ వంచి చేసిన ఇరుసు, చక్రానికి పాత సీడీలు. డబ్బాలో గాలి బయటికి పోదు. అడుగున కొవ్వొత్తి వేడికి ఉబ్బి రబ్బరును పైకి తోస్తుంది. అప్పుడు ఇరుసుకు వేలాడే పీచు ఉండ కిందికి దిగి ఆ గాలిని పైనున్న చల్లటి భాగానికి నెడుతుంది. అక్కడ గాలి ముడుచుకుని రబ్బరును లోపలికి లాగుతుంది. తోయడం, లాగడం, చక్రం తిరగడం. పేలుడూ లేదు, పొగగొట్టమూ లేదు.

ఇదంతా పుస్తకంలో. ఆరోజే వాకిట్లో పెట్టి తిప్పితే, నాది నాలుగు చుట్లు తిరిగి ఆగింది. ఇంకో కొవ్వొత్తి పెట్టాను. ఇంకోటి పెట్టాను. కదిలితే ఒట్టు! తన రుబ్బురోలే నయమని, తోస్తేనన్నా తిరుగుతుందని నా భార్య దెప్పింది.

అరుగు మీద కూర్చున్న నాయన ఎంతసేపటి నుంచి చూస్తున్నాడో, లేచి వచ్చాడు. నేలమీద నేను చాక్‌పీసుతో గీసిన బొమ్మను వంగి చూశాడు. పెట్టెలోంచి స్క్రూడ్రైవర్ తీసి, అలవాటు కొద్దీ డబ్బాకు ఆనించి, పిడి చెవికి పెట్టుకోబోయి సగంలో ఆగిపోయాడు. నేను చూడలేక తల తిప్పుకున్నాను.

మళ్లీ చూసేసరికి అరచేత్తో డబ్బా అడుగు తాకుతున్నాడు, పైభాగం తాకుతున్నాడు.

"రెండుతట్లా ఒగే తీరు కాల్తాంటే గాలి ఎట్ల ముడుసుకుంటాదిరా? మంట సాలు. దీనికి సల్లదనమే లేదు."

పదిహేనేళ్లుగా అదే పాఠం చెబుతున్న నా బుర్రకు తట్టలేదు. ఆ ఎండలో పైభాగం కూడా కాలుతుంటే, నేను మంట పెంచుకుంటూ పోయాను. నాయన వంటింట్లోకి పోయి తాగునీళ్ల కడవకు చుట్టిన తడిగుడ్డ విప్పుకొచ్చాడు. ఆ కడవను ఇంకెవరు ముట్టుకున్నా ఊరుకోని నా భార్య, ఆ గుడ్డ మీద ఇంకో చెంబు నీళ్లు పోసింది. గుడ్డను డబ్బా పైభాగానికి చుట్టి, ఇరుసుకు ఒక చుక్క నూనె వేసి, రెండు కొవ్వొత్తులు ఊదేసి, చక్రాన్ని వేలితో తోశాడు. తిరిగింది. తిరుగుతూనే ఉంది.

కాసేపు చూశాడు. తర్వాత నా వైపు తిరిగి, సిగ్గుపడుతున్నట్టు అడిగాడు.

"శబ్దం ఎట్లుండాది?"

లేదని చెయ్యి ఊపాను. నమ్మలేదు. తనను ఓదారుస్తున్నాననుకున్నాడేమో, కోడలి వైపు చూశాడు. ఆమె వంగి, ఇంజన్ పక్కన చెవి పెట్టి, తల అడ్డంగా ఊపింది. నేను ఆయన ఎదురుగా కూర్చుని, పెదాలు కనపడేలా ఒక్కో మాటా నిదానంగా చెప్పాను.

"మాకూ ఏమీ ఇనపడ్లేదు నాయనా. దీనికి శబ్దమే లేదు."

చాలాసేపు ఆ చక్రం ముందే కూర్చున్నాడు. గుడ్డ ఆరితే తానే తడిపాడు. చివరికి వాకిట్లోని పెట్టె వైపు గడ్డంతో చూపించాడు.

"దాన్ని ఎత్తి లోపల పెట్టు పో."