చెల్లెలి ఫార్ములాలో తప్పు వెతికిన అమ్మమ్మ

లోకంలో అక్కచెల్లెళ్ళు చీర అంచు చూసో, అల్లుడి ఉద్యోగం చూసో కుళ్ళుకుంటారు. మా అమ్మమ్మది పెద్ద చదువుల కుళ్ళు. సొంత చెల్లెలు లెక్కల్లో తేల్చిన హెచ్-ఫంక్షన్ ఫార్ములా చూసి కుళ్ళుకుంది.

లెక్కల్లో తప్పి చదువుకు దండం పెట్టిన దాన్ని నేను. ఆ ఫంక్షన్ గురించి నాకు తెలిసిందల్లా అమ్మమ్మ కూరగాయలు తరుగుతూ చెప్పిందే. "అది ఉమ్మడి కుటుంబంలో పెద్దావిడ లాంటిదే పిల్లా. హైపర్‌జియోమెట్రిక్ శ్రేణులూ, బెసెల్ ఫంక్షన్లూ, అన్నీ ఆవిడ కొంగు పట్టుకు తిరిగే పిల్లలే." ఫోన్ సిగ్నల్ ఒక్కో గోడ దాటుతుంటే ఎంతో కొంత తగ్గుతుంది. ఎంతన్నది ముందే తెలియదు. ఆ తెలియనివన్నీ గుణిస్తే చివరికి ఎంత మిగిలే అవకాశం ఉందో ఈ పెద్దావిడే చెబుతుందట.

అక్కచెల్లెళ్ళిద్దరూ ఒకే కాలేజీలో, ఒకే గదిలో, బీరువాకు చెరో పక్క బల్లలు వేసుకుని పనిచేసేవారు. చిన్నమ్మమ్మకు ఆ ఫంక్షన్ ఓనమాలు దిద్దించింది అమ్మమ్మే. గోడల లెక్క పట్టుకుని ఏళ్ళ తరబడి కూర్చున్నదీ అమ్మమ్మే. తేల్చింది మాత్రం చిన్నమ్మమ్మ. సెమినార్‌లో మాట్లాడమని పిలుపూ ఆవిడకే వచ్చింది. ఆ ఫార్ములా నిలిస్తే ఆ లెక్క చెల్లెలి పేరునే ఉండిపోతుంది. కాబట్టి అది తప్పయి తీరాలి.

చెల్లెలి కాగితాలు ముందేసుకుని అమ్మమ్మ తిండి మరిచి వెతికింది. హెచ్ అక్షరం పక్కన బ్రాకెట్లో రెండు వరుసల అంకెలుంటాయి. అక్కడ దొరికింది.

"చూశావుటే! పైవి కింద, కిందవి పైన. కాపురమంతా తలకిందులు చేసి పెట్టింది!" ఆ ముఖంలో అంత వెలుగు నా పెళ్ళిలో కూడా చూడలేదు.

"పాపం, ముందే చెప్పొచ్చుగా అమ్మమ్మా?"

"చెప్తే దిద్దుకోదూ?"

సెమినార్‌కు నన్నూ వెంటబెట్టుకు వెళ్ళింది, సాక్ష్యానికి. చిన్నమ్మమ్మ బోర్డు నిండా రాసి, "సందేహాలేమైనా?" అనడమే ఆలస్యం, అమ్మమ్మ లేచింది. "నీ వరుసలు తారుమారయ్యాయి."

"అవునక్కా, నేనే మార్చాను. లోపల ఎక్స్ కాదు, ఒకటి బై ఎక్స్ ఉంది చూడు. అది తిప్పితే ఇదీ తిప్పాలని నువ్వేగా నేర్పావు, నెత్తిన మొట్టి మరీ!"

హాలు గొల్లుమంది. లోపలి ఎక్స్‌ని తిరగేసి, వరుసలు కిందుమీదులు చేసి సర్దితే ఫంక్షన్ మారదట. వాళ్ళకది మొదటి పాఠం. ఆ బుల్లి 'ఒకటి బై' అమ్మమ్మ కంటికి ఆనలేదు. కుళ్ళుకు ఏ డాక్టరు మాత్రం కళ్ళద్దాలు రాసివ్వగలడు?

అమ్మమ్మ గబగబా వెళ్ళి చెల్లెలి చేతిలో సుద్దముక్క లాక్కుంది. "నాకు తెలుసు. వెనక పిల్లలకు తెలియాలని అడిగాను" అంటూ ఆ తిరగేయడమంతా చేసి చూపించింది. చెల్లెలి లెక్క రైటేనని తన చేత్తోనే రుజువు చేసేసింది, పిచ్చి తల్లి.

ఇంటికి బస్సెక్కాం. అమ్మమ్మ నన్ను మోచేత్తో పొడిచింది. "చప్పట్లు ఎవరికే ఎక్కువ పడ్డాయి?"

"నీకే అమ్మమ్మా."

"ఏడిశావ్‌లే." కిటికీ వైపు తిరిగి కూర్చుంది. "అంత బాగా నేర్పకుండా ఉండాల్సింది దానికి."