మొదటి దొప్ప

మా అక్క మొగుడి కల్లుపాక పూండి నుంచి సముద్రం వైపు పోయే దారిలో, జీడితోటలు అయిపోయి ఇసుక మొదలయ్యే చోట ఉండేది. పాక అనడం మర్యాద కోసం. నాలుగు గుంజలు, పైన తాటాకు. గట్టిగా గాలి వీస్తే ఆ మర్యాద కూడా ఎగిరిపోయేది.

అక్కడొక పద్ధతి ఉండేది. కల్లుకుండ లొట్టిని చెట్టు మీంచి దించాక, చెట్టు గీసినవాడే మొదటి దొప్ప తాగాలి, అందరూ చూస్తుండగా. తాటాకు దొప్పలో పోసుకుని, తాగి, మూతి తుడుచుకుని, ఆ తరవాతే మిగతావాళ్లకి పోయాలి. బావ తండ్రి అలాగే చేశాడు, తాతా అలాగే చేశాడు. ఎందుకని ఒకసారి బావని అడిగాను.

"పురుగో పుట్రో పడుంటే ముందు నాను సావాల కదేటి," అన్నాడు.

"మంచి ఉజ్జోగమే బావా. పింఛనొత్తాదా?"

"మీ అప్పకొత్తాది. వితంతు పింఛను."

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, పలాస నుంచి టెక్కలి దాకా రోడ్డు పక్కన కొత్త కల్లు దుకాణాలు మొలిచాయి. ప్లాస్టిక్ కుర్చీలు, ఫ్రిజ్జు, రంగు బల్బులు. ఆ ఏడాది జీడి పూతకొచ్చేసరికే మా బావ పాక ఖాళీ అయిపోయింది. పొద్దున్నే వచ్చి కూర్చునే వాళ్లలో ఇద్దరు ముసలివాళ్లు మిగిలారు. వాళ్లయినా బావ మీద ప్రేమతో కాదు, రోడ్డు దాకా నడవలేక.

పాక మూతపడితే బావ విశాఖ పోయి కట్టడం పనిలో ఇటుకలు మోయాలి. అక్క కడుపుతో ఉంది. ఇంట్లో ఆ మాట ఎవరూ పైకి అనేవారు కాదు. అక్క మాత్రం అన్నం వడ్డిస్తూ గరిటె గిన్నె అంచుకేసి కొంచెం గట్టిగా కొట్టేది.

"ఆళ్లు ఏటి పోత్తన్నారో తాగి సూసొద్దారి," అన్నాడు బావ ఒకరోజు. డిగ్రీ తప్పి, చేతిలో స్నేహితుడి స్కూటరున్నవాణ్ణి నేనొక్కణ్ణే. చదువు ఇంతకాలానికి ఒకరికి పనికొచ్చిందని బయల్దేరాను.

మొదటి దుకాణం పలాస పొలిమేరలో. జీడిపప్పు ముక్కలు కారంతో వేయించి పళ్లెంలో పెట్టారు. కల్లు గాజు గ్లాసులో వచ్చింది, చల్లగా. బావ గుక్కెడు తాగి, నాలుక పైకీ కిందకీ ఆడించి, "పెళ్లిలో మగపెళ్లోరికిచ్చే సర్బత్తురా ఇది," అన్నాడు. నాకూ అలాగే అనిపించింది. తీపి నాలుక మీదనే ఆగిపోయింది, గొంతులోకి దిగలేదు. జీడిపప్పు మాత్రం నిజమైనదే. దానికి వందనం.

రెండోది రోడ్డు దిగి పోతే సముద్రపు ఒడ్డున, వలలు ఆరబెట్టే చోట. ఈతకల్లు. పులుపు ఉంది, వాసన ఉంది, ఒళ్లు మాత్రం లేదు.

"ఈ కల్లుకి ఈతచెట్టు తెలుసు గానీ," అన్నాను, "సుట్టరికం మాత్రం నూతితోనే."

బావ నవ్వలేదు. నా హాస్యానికి పడే మొదటి దెబ్బ ఎప్పుడూ ఇంటివాళ్లదే.

మూడోది టెక్కలి రోడ్డు మీద. జనమంతా ఉన్నది అక్కడే. దుకాణం చుట్టూ ఎటు చూసినా తాటిచెట్టు లేదు, ఈతచెట్టు లేదు. ఒక వేపచెట్టుంది, దాన్ని ఎవరూ గీస్తున్నట్టు లేదు. నీలం డ్రమ్ములోంచి ముంచి పోస్తున్నారు. నురుగు సబ్బునీళ్లలా నిలబడి ఉంది. నేనొక గుక్క తాగాను. ముందు చేదు, తరవాత పెదాలు ఎవరివో అయిపోయాయి.

బావ గ్లాసు ముట్టుకోలేదు. గల్లా దగ్గరున్న యజమానిని పిలిచాడు. "బాబూ, ముందు నువ్వు తాగు."

"నాకు షుగరండి," అన్నాడాయన, ఎంతో బాధగా.

అక్కడే కుర్చీలో బావ పాత ఖాతాదారు ఒకాయన ఉన్నాడు. పడవ మీద వేటకెళ్లే మనిషి, వరసకి మావ. బావ ఆయన వైపు తిరిగాడు. "మావా, ఆడు తాగనంతన్నాడు. సూసినావా?"

"సూసినాను."

"మరి నువ్వేల తాగుతన్నావు?"

"ఇది తాగితే ఒళ్లు నొప్పులు తెలీవురా. ఎక్కడున్నానో తెలీదు. నీ కల్లు..." మావ మాట కోసం వెతుక్కున్నాడు. "నీ కల్లు రుసిగుంతాది."

రుచిగా ఉండడం ఒక జబ్బన్నట్టు చెప్పాడు. నాకు అప్పుడు మొదలైంది కోపం. యజమాని మీద కాదు. వాడు దొంగ, వాడి పని వాడు చేస్తున్నాడు. తెలిసి తాగేవాళ్ల మీద. మా బావ తండ్రి పోస్తే తాగి పెరిగిన నోళ్లవి.

యజమాని మంచితనానికి లోటు లేదు. మేము లేస్తుంటే, విభూతి పొట్లంలాంటి పొట్లం ఒకటి బావ చేతిలో పెట్టాడు. "మీరూ కలుపుకోండి. రోడ్డు మీద అందరం బతకాలి కదా."

దారంతా పొట్లం బావ చొక్కా జేబులోనే ఉంది. పారేస్తాడనుకున్నాను. కంచిలి బస్సుకి దారిస్తూ నేను స్కూటరు ఆపినప్పుడు కూడా పారేయలేదు.

మర్నాడు పాక దగ్గరికి వెళ్లేసరికి ఐదారుగురు కొత్తగా కూర్చుని ఉన్నారు. మావ కూడా వచ్చాడు. పొట్లం వార్త టెక్కలి నుంచి మాకంటే ముందే చేరినట్టుంది. బావ లొట్టిలో పొట్లం ఒంపి కర్రతో కలిపాడు. నా వైపు చూడలేదు. దొప్ప ముంచాడు. మావ చెయ్యి చాచాడు.

బావ ఆ దొప్ప తానే తాగేశాడు.

కల్తీ చేసే తెలివి నిన్న వచ్చింది. ముందు తాను తాగే అలవాటు తాత దగ్గర్నుంచి వచ్చింది. పాత అలవాటు చెయ్యే ముందు లేచింది. మూతి తుడుచుకున్నాక గానీ ఏం చేశాడో బావకి తెలిసినట్టు లేదు. నా వైపు చూసి, "ఓలమ్మ," అన్నాడు. కూర్చున్నాడు. తరవాత పక్కకి ఒరిగి ఇసుకలో పడిపోయాడు.

నేను బావ తల ఒళ్లోకి తీసుకుని అరుస్తున్నాను. వెనక నుంచి మావ గొంతు సంబరంగా వినిపించింది: "సరుకు మారిందిరోయ్! ఒక్క దొప్పకే ఎల్పోనాడు సూడండి!" అంటూనే లొట్టిలో దొప్ప ముంచబోయాడు.

అక్క ఎప్పుడొచ్చిందో తెలీదు. ఒక చేత్తో పొట్ట పట్టుకుని, కాలితో లొట్టిని తన్నింది. ఇసుక మొత్తం తాగేసింది. దానికి మాత్రం ఏమీ కాలేదు.

ఆటోలో పలాస తీసుకుపోయాం. డాక్టరు అడిగాడు: "ఏం తాగాడు?"

"కల్లండి."

"ఎవరి దగ్గర?"

"ఆయన దగ్గరేనండి."

డాక్టరు నన్ను ఎగాదిగా చూసి, సెలైన్ పెట్టమన్నాడు. బావ సాయంత్రానికి కళ్లు తెరిచాడు. మోకాళ్లలో బలం రావడానికి ఇంకొంచెం కాలం పట్టింది.

లేచి మళ్లీ చెట్టెక్కిన రోజు పాక ముందు తిరనాళ్లలా జనం. ఒక్క దొప్పకే గీసినవాడు పడిపోయిన కల్లట, ఆ పేరు డొంకూరు దాకా పోయింది. బావ లొట్టి దించాడు. అందులో ఏమీ కలపలేదు, అక్క పక్కనే నిలబడి ఉంది. మొదటి దొప్ప తాగి మూతి తుడుచుకున్నాడు. అందరూ ఊపిరి బిగబట్టి చూస్తున్నారు.

బావ పడలేదు.

కాసేపు ఆగారు. ఒకాయన బావ కళ్లలోకి తొంగి చూశాడు. "ఇంకా ఎక్కనేదేమో, ఆగండి," అన్నాడు మావ ఆశగా.

"పడనేదని ఏడుత్తన్నారేటి?" అంది అక్క. "నా మొగుడు పడితే తాగుతారు, నిలబడితే తాగరు. ఎల్లండెల్లండి!"

వెళ్లిపోయారు. నిజంగానే, ఒక్కొక్కరే, పంచెలకంటిన ఇసుక దులుపుకుంటూ. ఒకాయన మాత్రం వెనక్కి తిరిగి చూశాడు, ఎందుకైనా మంచిదని. ముసలివాళ్లిద్దరూ దొప్పలు చాచారు. బావ పోశాడు. నాకూ పోశాడు. ఆ కల్లు ఎంత బాగుందో చెబితే నాకిప్పటికీ కోపమొస్తుంది, అందుకే చెప్పను.

అక్కకి కూతురు పుట్టాక బావ విశాఖ పోయాడు. పూండి స్టేషన్లో రైలెక్కిస్తూ, "ఇటికిలు ముందు నువ్వే మోసి సూపించాలేటి బావా?" అన్నాను. ఈసారి నవ్వాడు. నవ్వకపోయుంటే బాగుండేది.

టెక్కలి రోడ్డు మీద ఆ దుకాణానికి తరవాత ఏసీ కూడా పెట్టారు. బస్సు అటు పోయిన ప్రతిసారీ కిటికీలోంచి చూసేవాణ్ణి. జనం నిండుగా ఉండేవారు. యజమాని గల్లా దగ్గర మంచినీళ్లు తాగుతూ కనిపించేవాడు. ఆయన షుగరు తగ్గలేదు.